వెనక చక్రాలకి ఎంత గాలి?

తేనెపెట్టెల తోట,
ఫిబ్రవరి 3.

అక్కకు,

బాగున్నావని తలుస్తాను. నాలుగేళ్ల తర్వాత రాస్తున్నాను, అదీ ఒక పని పడి. అందుకని డొంకతిరుగుడు లేకుండా నేరుగా పనిలోకే వస్తాను.

ఆఫీసు ఉద్యోగం మానేశాను. తేనెటీగల పని పూర్తిగా నేనే చూసుకుంటున్నాను. ఇరవై రెండు పెట్టెలున్నాయి. ఒకచోట పూలు అయిపోగానే ఇంకోచోట పూత మొదలయ్యే తోటకి వాటిని మార్చాలి. అద్దె బండ్లవాళ్లు ఈగలంటే భయపడి రావటం లేదు. పోయిన నెల ఒక పాత పికప్ నేనే కొన్నాను.

మొదటి ప్రయాణం మొన్న చేశాను. టైరు పక్కన 80 అని అచ్చు వేసి ఉంది. నాలుగు చక్రాలకీ అంత గాలీ కొట్టించాను. మూడు గంటలు మట్టి రోడ్డు. బండి చిన్న రాయి తగిలినా బంతిలా ఎగిరింది. దిగి మూతలు తీస్తే తొమ్మిది పెట్టెల్లో తేనెపట్టు చట్రాల్లోంచి విరిగిపడి ఉంది. ఈగలు తమ తేనెలో తామే మునిగి చచ్చిపోయాయి. రెండు పెట్టెల్లో రాణి ఈగలు కూడా పోయాయి.

ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ముందు చక్రాలకి ఎంత పెట్టాలి, వెనక చక్రాలకి ఎంత పెట్టాలి? నాకు తెలిసినవాళ్లలో ఆ మాట కచ్చితంగా చెప్పగలిగేది నువ్వొక్కదానివే. ఇంకేమీ అడగటం లేదు.

ఫోన్ చేద్దామనుకున్నాను. చేయబుద్ధి కాలేదు. ఎందుకో నీకు తెలుసు.

తమ్ముడు

~

టైర్ల షాపు,
ఫిబ్రవరి 9.

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది.

టైరు పక్కన ఉండే అంకె ఆ టైరు ఓర్చుకోగలిగిన హద్దు. నీ బండికి ఎంత కావాలో దానికేం తెలుసు? అదే టైరు ఇంకో బండికి వేస్తే ఇంకో కథ. టైర్ల షాపులో పుట్టి పెరిగినవాడివి, నువ్వే ఆ పొరపాటు చేస్తే ఇంక బయటివాళ్లని ఏమనాలి?

డ్రైవరు వైపు తలుపు తెరువు. తలుపు వచ్చి మూసుకునే అంచు మీద చిన్న రేకు ఉంటుంది. ఖాళీ బండికి ఒక వరస, నిండు బరువుకి ఒక వరస అంకెలుంటాయి. రెండూ రాసి పంపు. బండి ఎంత బరువు మోస్తుందో కూడా అక్కడే ఉంటుంది. తేనెతో ఉన్న పెట్టె ఒకటి కాటా మీద పెట్టి చూడు. అందాజుగా రాయకు. చిన్నప్పుడు పుచ్చకాయ ఎత్తి పట్టుకుని అయిదు కిలోలన్నావు. తూస్తే ఎనిమిదుంది. నీ అందాజు నాకు తెలుసు.

గాలి చూడటం పొద్దున్నే, బండి కదలకముందు. నడిచిన టైరు వేడెక్కి గాలి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి కంగారుపడి తీసేశావంటే, చల్లారాక తక్కువైపోతుంది.

ఫోన్ చెయ్యకు. రాయి. అంకెలు కాగితం మీద ఉంటేనే మంచిది.

అక్క

~

తేనెపెట్టెల తోట,
ఫిబ్రవరి 16.

అక్కా,

రేకు దొరికింది. పాత యజమాని దాని మీదే రంగు కొట్టించేశాడు. కిరసనాయిలు గుడ్డతో అరగంట రుద్దితే బయటపడింది. ఖాళీ బండికి ముందు 35, వెనక 38. నిండు బరువుకి ముందు 35, వెనక 56. నిండు బరువంటే వెయ్యి కిలోలట. పెట్టె ఇరవై ఎనిమిది కిలోలు తూగింది. కాటా మీదే తూచాను. స్టాండ్లూ, నీళ్ల డబ్బాలూ కలిపితే మొత్తం ఏడు వందలు.

ఆ రేకు రుద్దుతుంటే నాన్న గుర్తొచ్చాడు. షాపు గోడ నిండా సుద్దముక్కతో బండ్ల సంగతులు రాసేవాడు కదా. 'పాలబండి, ముందు ముప్పై, వెనక నలభై.' 'బడి వ్యాను, పిల్లలు దిగాక చూడాలి.' మనుషుల పేర్లు మాత్రం ఒక్కటీ ఉండేది కాదు. ఒకాయన పదేళ్లు మన దగ్గరికి వచ్చినా నాన్న ఆయన్ని "రండి పాలబండీ" అనే పిలిచేవాడు.

చెక్క సుత్తితో టైరుని తట్టి, తల ఓ పక్కకి వంచి వినేవాడు. ఎంతుందో చెప్పమని మనిద్దరినీ అడిగేవాడు. నేను ముప్పై అంటే, నువ్వు ముప్పై రెండు అనేదానివి. గేజీ పెడితే ముప్పై రెండే ఉండేది. "దీని చెవి అసాధ్యంరా!" అని నాన్న మురిసిపోయేవాడు. నాకెంత ఒళ్లు మండేదో! నిన్న నా బండి టైరుని తట్టి చూశాను. అప్పుడూ ఇప్పుడూ నాకు వినపడింది డబ్ మనే చప్పుడే.

ఒక సంగతి. బండి అమ్మినాయన వెనక ఇరవై అయిదు పెట్టు, పరుపులా సాగుతుందన్నాడు. ఈగలకి కుదుపు ఉండదు కదా, నాకూ నచ్చింది. ఆవచేలలో పూలు అయిపోయాయి, ఈగలకి మేత లేదు. ఇరవై రెండో తేదీ తెల్లవారగానే కొండదారిలో నారింజ తోటలకి బయల్దేరాలి. ఆలోగా నీ జవాబు రాకపోతే ఇరవై అయిదే పెట్టి వెళ్లిపోతాను.

తమ్ముడు

~

టైర్ల షాపు,
ఫిబ్రవరి 20.

తమ్ముడూ,

ఈ ఉత్తరం రాసేలోపే మా ఎదురింటి టైలరు చేత నీకు ఫోన్ చేయించాను. నీ ఉత్తరం చదివిన వెంటనే ఆయన దగ్గరికి పరిగెత్తాను. ఇరవై అయిదు పెట్టొద్దు, వెనక యాభై, ముందు ముప్పై అయిదు పెట్టమన్నానని చెప్పాడా?

గాలి తక్కువైన టైరు పైకి మెత్తగానే ఉంటుంది. లోపల దాని పక్కలు తిరిగిన ప్రతి చుట్టుకీ మడతపడి వేడెక్కుతాయి. ఏడు వందల కిలోలతో కొండ ఎక్కేటప్పటికి పొంగిన రొట్టెలా అయి పగిలిపోతుంది. అది లోయ వైపు చక్రమైతే? నీకు ఈగల కుదుపు తప్ప నీ ప్రాణం గుర్తు రాలేదా? ఖాళీకి ముప్పై ఎనిమిది, వెయ్యికి యాభై ఆరు. నీ బరువు మధ్యలో ఉంది కాబట్టి యాభై. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ముప్పై ఎనిమిదికి దించు. కుదుపు తగ్గాలంటే పెట్టెల కింద రబ్బరు షీటు పరుచుకో, నిదానంగా నడుపు.

సరిపోయిందో లేదో చూడటానికి ఒక ఉపాయం ఉంది. టైరు ముఖం మీద అడ్డంగా సుద్దతో గీత గీసి, చదును రోడ్డు మీద కాస్త దూరం నడుపు. గీత మధ్యలో చెరిగితే గాలి ఎక్కువ. అంచుల్లో చెరిగితే తక్కువ. మొత్తం సమంగా చెరిగితే బండి సుఖంగా ఉన్నట్టు.

చెవి గురించి రాశావు. నేనిప్పుడు తట్టి చూడటం మానేశాను, గేజీతోనే చూస్తున్నాను. నాకు మాత్రం షాపులో గుర్తుండిపోయింది పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి. నీకు ఆరేళ్లు. చేతులు మోచేతుల దాకా ముంచి ట్యూబు తిప్పుతూ కూర్చునేవాడివి. బుడగ పైకి రాగానే "దొంగ దొరికాడు నాన్నా!" అని అరిచేవాడివి. బుగ్గలు ఉబ్బించుకుని ఆ బుడగల్ని ఊదేవాడివి. అందుకే కదా నాన్న నీకు బుంగ అని పేరు పెట్టాడు. చొక్కా తడిసిందని అమ్మ తిట్టేది నన్ను.

చేరగానే రెండు ముక్కలు రాయి.

అక్క

~

తేనెపెట్టెల తోట,
ఫిబ్రవరి 26.

అక్కకు,

చేరాను. యాభై పెట్టాను. ఒక పెట్టెలో ఒక చట్రం మాత్రం విరిగింది, మిగతావన్నీ బాగున్నాయి. నీ మాట నిలబడింది. అందుకు రుణపడి ఉంటాను.

ఇక నా మాట విను. ఇన్నాళ్లూ దాచుకున్నాను, ఇంక దాచలేను.

టైలరుగారు నువ్వు పక్కనే నిలబడి ఉన్నావని చెప్పారు. ఫోన్ నీకివ్వమన్నాను. "అక్కా" అన్నాను. రెండుసార్లు అన్నాను. నీ ఊపిరి కూడా వినపడింది. మళ్లీ ఆయనే తీసుకుని "ఆవిడ పనిలో ఉన్నారండీ" అన్నారు. నేను లోయలో పడతానేమోనని పరిగెత్తుకుంటూ వెళ్లినదానివి, నాతో ఒక్క మాట మాట్లాడలేకపోయావు!

సరే, అదైనా మింగుతాను. నాలుగేళ్ల కిందటి సంగతి ఎలా మింగను? నా భార్య పోయిన పొద్దున నేను మొదట ఫోన్ చేసింది నీకు. నేను ఏడుస్తూ చెబితే నువ్వేమన్నావో గుర్తుందా? "మంచిది తమ్ముడూ, చాలా సంతోషం. ఇద్దరూ జాగ్రత్తగా ఉండండి" అన్నావు. పెట్టేశావు.

ఇద్దరూ!

ఆ మాట పట్టుకుని ఎన్ని రోజులు కూర్చున్నానో నాకే తెలియదు. ఆమె అంటే నీకు పడదేమో అనుకున్నాను. మతి చలించిందేమో అనుకున్నాను. నువ్వు రాలేదు, రాయలేదు. ఇప్పుడు రెండు ఉత్తరాలు రాశావు. టైర్లని గురించి ఇంత రాసినదానివి, ఆమె గురించి ఒక్క అక్షరం రాయలేదు. ఈ పెట్టెలన్నీ ఆమెవి. మొదటి రెండూ తన చేత్తో చేసుకుంది.

నీకు జవాబు ఉంటే రాయి. లేకపోతే ఇదే ఆఖరు.

తమ్ముడు

~

టైర్ల షాపు, వెనక గది,
మార్చి 14.

ఒరేయ్ బుంగా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి పది రోజులైంది. నాలుగు చింపేశాను. ఇది చింపను.

నాకు చెవులు వినపడవురా.

ఒక్కరోజులో పోలేదు. కంప్రెసర్ మోత పక్కన ముప్పై ఏళ్లు నిలబడ్డాను. అయిదేళ్ల కిందట ఒక లారీ టైరు రిమ్ము మీంచి ఎగిరి నా పక్కనే పేలింది. ఆ రోజుతో ఎడమ చెవి మూసుకుపోయింది. కుడి చెవిలో గొణుగుడు మిగిలింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకుంటాను. ఫోన్‌లో పెదాలుండవు కదా. రేకు డబ్బాలో ఈగ తిరిగినట్టుంటుంది.

ఆ పొద్దున నువ్వు ఫోన్ చేసినప్పుడు గొంతు నీదేనని తెలిసింది. మాట తెలియలేదు. ఏదో ఉద్వేగంగా చెబుతున్నావు. అంతకు ముందు వారమే, తోట కొనబోతున్నాం, ఖాయం కాగానే ఫోన్ చేస్తానని రాశావు. అదే అనుకున్నాను. మళ్లీ చెప్పమంటే బయటపడిపోతానని భయం. సంతోషం అన్నాను. అన్నాను కదా, నా నోరు పడిపోయినా బావుండేది.

రెండు నెలల తర్వాత మీ వైపు నుంచి ఒక వ్యాను డ్రైవరు టైరు మార్చుకోవడానికి వచ్చాడు. మీ ఇద్దరి క్షేమం అడిగాను. అతను నా మొహంలోకి వింతగా చూశాడు. ఏమన్నాడో అందక, కాగితం ఇచ్చి రాయమన్నాను. రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

బస్టాండు దాకా రెండుసార్లు వెళ్లి వచ్చాను. ఏమని చెప్పను? చెవిటిదాన్నని చెబితే షాపుకి ఎవరొస్తారు? 'దీని చెవి అసాధ్యం' అని నాన్న ఊరంతా చెప్పుకున్న దాన్ని. చెవిటిదాన్నని ఒప్పుకోవడం కంటే రాతి గుండెదాన్నని నువ్వనుకోవడమే నాకు తేలికనిపించింది. ఎంత సిగ్గుమాలిన బేరమో చూడు.

మరదలంటే నాకు పడకపోవడమేమిట్రా? ఒకసారి షాపుకి వచ్చినప్పుడు, ఓవరాల్ వేసుకుని, "వదినా, నాకూ ఒక పంక్చరు నేర్పు" అని కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఒక్క ట్యూబుకి నాలుగు ప్యాచీలు వేసింది. నాలుగూ చిల్లు లేని చోటే. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వు నేను విన్నాను. వినపడిన రోజుల్లో నా చెవిన పడిన మంచి చప్పుళ్లలో అదొకటి.

ఇంకో నిజం. కిందటి నెల టైరులో గాలి ఎక్కుతుంటే పక్క చీలి బుస్సుమంటోందట. నాకు వినపడలేదు. టైలరు రోడ్డు దాటి వచ్చి నన్ను వెనక్కి లాగాడు. పగిలిన ముక్క గోడకి తగిలింది. ఆ రోజు నుంచి కంప్రెసర్ ఆపేశాను. టైర్లు అమ్మటం తప్ప గాలి పని చేయటం లేదు. నీకు గాలి చూస్తున్నానని అబద్ధం రాశాను.

జవాబు అడిగావు. ఇదే. క్షమించమని అడిగే హక్కు నాకుందో లేదో తెలియదు.

నీ అక్క

~

తేనెపెట్టెల తోట,
మార్చి 22.

అక్కా,

నీ ఉత్తరం పెట్టెల మధ్య కూర్చుని చదివాను. మొదటిసారి కోపంతో. ఎవరి మీద కోపమో తెలియలేదు. రెండోసారి చదువుతుంటే నాలుగు ప్యాచీల దగ్గర నవ్వొచ్చింది. ఆ సంగతి ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. బాగా నేర్చుకున్నానని గొప్పలు చెప్పింది! నాలుగేళ్ల తర్వాత ఆమె గురించి నాకు తెలియని కబురు వినడం ఇదే మొదలు. ఇంకా ఏమైనా ఉంటే రాయి.

క్షమించే మాట పక్కన పెట్టు. నేను కూడా ఒక్కసారి బస్సెక్కి వచ్చి, ఎందుకలా అన్నావని అడిగి ఉండొచ్చు. అడగలేదు. ఉక్రోషం పెంచుకుంటూ కూర్చున్నాను.

ఆ రోజు నేను ఫోన్‌లో ఏం చెప్పానో నీకు తెలియదు కదా. నాకు ప్రతి మాటా గుర్తుంది. ఇప్పుడు రాస్తున్నాను, చదువు.

"అక్కా, ఇందాక పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం. నిన్న సాయంత్రం కూడా పెట్టెల దగ్గరే ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైందన్నారు. ఇంట్లో ఎవరూ లేరు. నాకేం చెయ్యాలో తెలియటం లేదు. నువ్వు రా."

అంతే చెప్పాను.

బుంగ

~

టైర్ల షాపు,
మార్చి 27.

తమ్ముడూ,

అయ్యో నా తండ్రీ.

నేను వస్తున్నాను. బుధవారం మధ్యాహ్నం దిగే బస్సు. షాపు తాళం టైలరుకి ఇచ్చాను. నేను వచ్చేదాకా బండి జోలికి పోకు.

అక్క

~

తేనెపెట్టెల తోట,
ఏప్రిల్ 19.

అక్కా,

నువ్వు వెళ్లి వారమైంది. ఇల్లు మళ్లీ పెద్దదైపోయింది.

పెట్టెల్ని కొత్త పూతకి మార్చిన రోజు బండిలో నాలుగు గంటలు పక్కపక్కన కూర్చుని మనం ఒక్క మాట మాట్లాడుకోలేదు, గమనించావా? నేను రోడ్డు మీంచి కన్ను తిప్పకూడదు, నువ్వు నా పెదాలు చూడాలి. చెప్పాలనుకున్నవన్నీ కడుపులో పెట్టుకుని గేర్లు మార్చాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

సగం దారిలో బండి ఆపమని నా భుజం మీద కొట్టావు. దిగి, నాలుగు టైర్ల మీదా అరచెయ్యి పెట్టి చూశావు. ఎడమ వెనకది దగ్గర ఆగిపోయి, నా చెయ్యి లాగి దాని మీద పెట్టావు. మిగతా మూడింటికంటే వేడిగా ఉంది. వాల్వు దగ్గర తడి చేసి చూస్తే సన్నగా బుడగలు. నేనైతే అలాగే పోనిచ్చి ఘాట్ ఎక్కేసేవాణ్ని. వాల్వు పిన్ను మార్చి, చల్లారేదాకా గట్టు మీద కూర్చుని, కాలిపంపుతో మళ్లీ గాలి నింపాం. చెవి పోయిందని ఏడ్చావు కానీ అక్కా, నాన్న పనితనం నీ చేతుల్లో అలాగే ఉంది.

తోటలో పెట్టెలు దించాక ఒక పెట్టె మీద రెండు చేతులూ ఆనించి చాలాసేపు నిలబడ్డావు. ఏమిటని అడిగితే, "చేతికి అదురు తెలుస్తోంది. లోపల ఉన్నారు. అందరూ ఉన్నారు" అన్నావు. నేను పక్కకి వెళ్లి తాళ్లు సర్దుతున్నట్టు నటించాను. ఆ పెట్టె ఆమె మొదట చేసిన రెండింట్లో ఒకటి. నీకు ముందు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఒక్క చట్రం కూడా విరగలేదు. ఇరవై రెండుకి ఇరవై రెండూ క్షేమం. తిరుగుదారిలో నువ్వు నడిపావు చూడు, పక్కన కూర్చుని నీకు కాగితం మీద కబుర్లు రాస్తూ పోయాను. నువ్వు చదవడానికి వీల్లేదని మూడో కాగితం దాకా నాకు తట్టనే లేదు!

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తానని మాటిచ్చావు. వెళ్లావా? కుడి చెవికి మిషను పెడితే కొంత తెలుస్తుందని లారీ టైరు పేలినప్పుడే ఆయన చెప్పాడట కదా. నాన్న గేజీ వాడినప్పుడు ఆయన చెవికేమైనా పరువు తక్కువైందా? ఇదీ అలాంటిదే అనుకో. గాలి పని మళ్లీ మొదలుపెట్టొద్దు. వచ్చే పూతకి పెట్టెలు ముప్పై చేస్తున్నాను. బరువు పెరుగుతుంది, లెక్క మళ్లీ చెయ్యాలి. నువ్వు ఇక్కడికే వచ్చేస్తే ఆ లెక్క ఉత్తరాల్లో చేసుకునే అవసరం ఉండదు. ఆలోచించు.

బుంగ

~

టైర్ల షాపు,
మే 6.

బుంగా,

పెట్టెలు ముప్పై అంటే తొమ్మిది వందల పైనే. ఒక్క ట్రిప్పులో ఇరవై అయిదు మించి ఎక్కించకు. రెండు ట్రిప్పులు తిరుగు, ఏం తొందర? వెనక యాభై రెండు పెట్టు.

షాపు ముందు గది టైలరు తీసుకుంటానంటున్నాడు. నాన్న గోడ మీది రాతలు చెరపనని చెప్పాడు. వానలు మొదలయ్యేలోగా సర్దుకుని వస్తాను. మొత్తానికి వచ్చేస్తానని ఇప్పుడే మాటివ్వను. ముందు పూతకాలం చూస్తాను. నువ్వు వండే కూర తిని బతకగలనో లేదో కూడా చూడాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. కుడి చెవికి మిషను పెట్టారు. మొదటి రోజు గిన్నెల చప్పుడుకే తల పగిలిపోయింది, తీసి డబ్బాలో పడేశాను. రెండో రోజు మళ్లీ పెట్టుకున్నాను. ఇప్పుడు టైలరు కుట్టుమిషను చప్పుడు వినపడుతోంది. ఆయన పని చేస్తూ పాడతాడని ఇన్నేళ్లకి తెలిసింది. పాడకుండా ఉంటేనే బావుండేది.

ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ చెయ్యి. నిదానంగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడు. వినపడకపోతే వినపడలేదనే అంటాను. నువ్వు విసుక్కోకుండా మళ్లీ చెప్పు.

అక్క